నామ్‌హీ ఇంట్లో పాత వైఫై డబ్బా

మా పై అంతస్తులో ఉండే నామ్‌హీకి రెండు గొంతులు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటే వచ్చే గొంతు పాలల్లో తేనె కలిపినట్టుండేది. "నమస్కారమండీ, మీకు ఏ విధంగా సాయపడగలను" అని ఆమె అంటుంటే, కింద కొట్టులో ముల్లంగి తరుగుతున్న నాకు కూడా ఏదో ఒకటి అడగాలనిపించేది. హెడ్‌ఫోన్ తీశాక వచ్చే గొంతు వేరు. అది మెట్ల మీదుగా దిగి, వీధి మలుపులో చేపలమ్మే బండి దాకా వినపడేది. ఆ సంవత్సరం చలికాలమంతా నేను ఎక్కువగా ఆ రెండో గొంతే విన్నాను.

కొరియాలోని డేజాన్ నగరంలో జుంగ్‌చాన్ పేట మాది. లిఫ్టు లేని పాత ఇటుకల భవనం. కింద నాది వండిన కూరలు, క్యాబేజీ ముల్లంగి కారంలో ఊరబెట్టిన కిమ్చీలు అమ్మే కొట్టు. నామ్‌హీ, ఆమె భర్త తేషిక్ ఈ భవనంలోకి కొత్త దంపతులుగా వచ్చారు. వాళ్ళ కూతురు బోరా నా కొట్టు మెట్ల మీదే అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు వేరే ఊళ్ళో నర్సుగా చేస్తోంది. నామ్‌హీ నన్ను అక్కా అంటుంది. తేషిక్ వదినగారూ అంటాడు.

నామ్‌హీది ఫోన్ల ఉద్యోగం. అన్నం వండే కుక్కర్లు తయారుచేసే ఒక కంపెనీకి వచ్చే ఫిర్యాదులన్నీ ఇంకో కాంట్రాక్టు సంస్థ తీసుకునేది. ఆ సంస్థలో ఆమె కూడా ఒకతె. కుక్కరు అన్నం మాడ్చినా, మూత పట్టకపోయినా, అన్నం ఉడికిందని కుక్కరే చెప్పే గొంతు ఆగిపోయినా జనం ముందు తిట్టేది నామ్‌హీనే. ఆమె అందరి తిట్లూ వినేది, వాళ్ళని చల్లార్చేది, తర్వాత కిందికి వచ్చి నా దగ్గర కారం పట్టించిన దోసకాయ ముక్కలు కరకరా నమిలేది. ఆ నమలడంలోనే ఆమె కోపమంతా పోయేది. పాపం, ఆ చలికాలం దాకా అలాగే పోయేది.

ఆ పెద్ద జబ్బు రోజుల్లో సంస్థ వాళ్ళందరికీ ఒక కంప్యూటరూ ఒక హెడ్‌ఫోనూ ఇచ్చి ఇంటికి పంపింది. జబ్బు తగ్గింది, వాళ్ళని మాత్రం వెనక్కి పిలవలేదు. ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే గదీ, తెగిపోని ఇంటర్నెట్టూ ఉద్యోగి చూసుకోవాలని ఒక నిబంధన పెట్టారు. నామ్‌హీకి ప్రత్యేకంగా గది ఏముంది. అన్నం తినే బల్లే ఆమె ఆఫీసు. ఇంటర్నెట్టు సంగతికి వస్తే, గుమ్మం పక్కన చెప్పుల అరమీద ఆ వైఫై డబ్బా ఉండేది.

ఆ డబ్బా సంగతి చెప్పకపోతే తేషిక్ మొండితనం ఎవరికీ అర్థం కాదు.

అతను చాలా ఏళ్ళు ఇళ్ళకు ఇంటర్నెట్టు లైన్లు వేశాడు. నడుముకి పనిముట్ల సంచీ, భుజం మీద నిచ్చెన, ఎండైనా మంచైనా అదే పని. చివరి రోజుల్లో అతని పై అధికారి ఒక హుకుం జారీ చేశాడు. ఏ ఇంటికి వెళ్ళినా సరే, మీ డబ్బా పాతబడింది అని చెప్పాలి, కొత్తది బిగించి కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టించుకోవాలి. ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ ఇంట్లో, పాత పాటల పోటీలు చూడటానికి తప్ప ఇంటర్నెట్టు ఎందుకో తెలియని మనిషి ఇంట్లో, శుభ్రంగా పనిచేస్తున్న డబ్బాని ఊడదీయించారు. తేషిక్ ఊడదీశాడు. మర్నాడు దాన్ని తీసుకెళ్ళి అందరిముందూ అధికారి బల్లమీద పెట్టాడు. "దీనికేం రోగమో మీరే చెప్పండి, సార్" అన్నాడు. ఆ ఏడాది అతని కాంట్రాక్టు పొడిగించలేదు. డబ్బాని ఇంటికి తెచ్చి బిగించాడు. అప్పటినుంచి అది పనిచేస్తూనే ఉంది. ఎవరింటికొచ్చినా దాని నెత్తిమీద చెయ్యి వేసి ఆ కథ చెప్పేవాడు. నామ్‌హీ కూడా పక్కన నిలబడి గర్వంగా వినేది. ఇప్పుడతను ట్యూషన్‌కి వెళ్ళే పిల్లల వ్యాను నడుపుతున్నాడు. మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాడు.

చలికాలానికి సరిపడా కిమ్చీ పెట్టుకునే రోజుల్లో మొదలైంది గొడవ. నా కొట్టు నిండా ఉప్పులో నానుతున్న క్యాబేజీలు. పైనుంచి నామ్‌హీ తేనె గొంతు హఠాత్తుగా ఆగిపోయేది. తర్వాత చెప్పులు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా పరుగు, తర్వాత నిట్టూర్పు. లైను తెగేది. కాసేపటికి మళ్ళీ వచ్చేది. ఈలోగా అవతలి మనిషి, "నా ముఖానే ఫోన్ పెట్టేస్తుందా" అని రెట్టింపు మంటతో మళ్ళీ చేసేవాడు. ఆ ఫోన్ ఇంకెవరికో వెళ్ళేది. నామ్‌హీ పేరు పక్కన ఒక మచ్చ పడేది.

ఒకరోజు సముద్రపు ఒడ్డు ఊరినుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కుక్కరు మూత ఎగిరిపడి, ఉడుకుతున్న గంజి వాళ్ళమ్మ చేతిమీద పడింది. కంగారులో ఆయన కుక్కరుమీద అంటించి ఉన్న నంబరుకే ఫోన్ చేశాడు. నామ్‌హీ నిలబడిపోయింది. "ముందు ప్లగ్గు తీసేయండి బాబూ. తీశారా? ఇప్పుడు అమ్మగారి చెయ్యి కుళాయి కింద పెట్టండి. ఐసు వద్దు. చల్లనీళ్ళు చాలు. ఉంగరం ఉంటే ఇప్పుడే తీసేయండి, తర్వాత రాదు" అని చెబుతూనే ఉంది. చెప్పి చెప్పి చూస్తే, తెరమీద కనెక్షన్ లేదని ఎర్రటి అక్షరాలు. ఎక్కడ తెగిందో తెలియదు. తను చెప్పినదాంట్లో ఆయన చెవిన పడింది ఎంతో తెలియదు. తిరిగి ఫోన్ చేద్దామంటే తన దగ్గర ఆ నంబరు ఉండదు.

మర్నాడు ఆమెకు మందలింపు వచ్చింది. మా అమ్మ చెయ్యి కాలుతుంటే ఆవిడ ఫోన్ పెట్టేసింది అని ఆయన ఫిర్యాదు చేశాడట.

నేను పైకి సముద్రపు నాచు సూపు పట్టుకెళ్ళేసరికి భార్యాభర్తలిద్దరూ చెప్పుల అర ముందు నిలబడి ఉన్నారు.

"లైను పరీక్షించాను నామ్‌హీ. వీధిలోంచి వచ్చేది బాగానే ఉంది. డబ్బా కూడా బాగానే ఉంది. మీ కంపెనీ ప్రోగ్రామే చెత్తది" అంటున్నాడు తేషిక్.

"అంటే నేను అబద్ధం చెప్తున్నానా?"

"అలా అన్నానా? పాతది కాబట్టి చెడిపోయిందనడం అబద్ధం. ఆ అబద్ధం ఆడనందుకే కదా నన్ను తీసేశారు."

"తీసేశారు. సరే. నీ నిజాయితీకి నీ ఉద్యోగం ఇచ్చుకున్నావు. నా ఉద్యోగం కూడా ఎందుకిస్తున్నావు? నన్నడిగావా?"

తేషిక్ నావైపు తిరిగాడు. "వదినగారూ, మీరైనా చెప్పండి."

"కిమ్చీలో ఉప్పు సంగతి అడిగితే చెప్తాను మరిదీ" అన్నాను. "మీ ఇద్దరి మధ్యా వేలు పెట్టి కాల్చుకునే ఓపిక నాకు లేదు."

"ఆ ముసలావిడ చెయ్యి ఏమైందో తెలీదు నాకు" అంది నామ్‌హీ. "పొద్దుటినుంచీ అదే. ఉంగరం తీసిందో లేదో. నువ్వేమో దీని నెత్తి నిమురుతున్నావు. నా నెత్తి ఎప్పుడన్నా అలా నిమిరావా?"

తేషిక్ వ్యాను తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమెను కిందికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. తొందరపడి ఒక మాట అన్నాను. "కొత్తది కొని పడేస్తే పోతుంది కదా. దీనికింత రాద్ధాంతం దేనికి?"

"నువ్వు కూడానా అక్కా" అంది. "నీ పొయ్యి పాడైతే నువ్వు కొంటావు. కొట్టు నీది కాబట్టి. ఆ సంస్థ నాదా? నా బల్లమీద పని, నా కరెంటు, నా హీటరు ఖర్చు. ఇంట్లో చేపలు వేయించుకుందామన్నా ఫోన్లో చప్పుడు వినపడుతుందని మానేశాను. ఇప్పుడు డబ్బా కూడా నేనే కొనాలా? ఆయనేమో కొననివ్వడు, వాళ్ళేమో కొనమంటారు. నేను ఏ గోడకి తల కొట్టుకోను?"

నిజమే. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ వారం వాళ్ళ టీమ్ సమావేశం జరిగింది. అందరూ ఎవరి ఇంట్లో వాళ్ళు తెరముందు కూర్చుని మాట్లాడుకునే సమావేశం. టీమ్ లీడరు ప్యాన్ సుజిన్, నామ్‌హీ కంటే చాలా చిన్నది, అందరి ముందూ నామ్‌హీ పేరెత్తింది. "ఇంటి ఏర్పాట్ల విషయంలో కొందరికి శ్రద్ధ తక్కువగా ఉంది" అంది. నామ్‌హీ లేచింది. ఏళ్ళ తరబడి మింగిందంతా కక్కేసింది. గదీ బల్లా కరెంటూ చేపల వేపుడూ కాలిన చెయ్యీ, ఒక్కటీ వదలలేదు. కింద నా కొట్టుకొచ్చిన వాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని నిలబడి విన్నారు. ఒకావిడ "బాగా గడ్డి పెట్టింది" అని మెచ్చుకుంది.

ఆ మాటలు విననిదల్లా ఆ సమావేశమే. నామ్‌హీ "టీమ్ లీడర్ గారూ" అన్నదాకానే అవతలికి వినపడింది. అక్కడ లైను తెగింది. మిగతా అందరికీ తెరమీద కనిపించింది నోరు తెరుచుకుని, ఒక కన్ను సగం మూసుకుని బిగుసుకుపోయిన నామ్‌హీ మొహం. కాసేపటికి ఫోన్లో సందేశం వచ్చింది. "నామ్‌హీ గారూ, మీ మొహం తెరమీద ఆగిపోయింది. దయచేసి ఇంట్లో నెట్ మార్చుకోండి." దాని కింద ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు.

ఆమె కోటు వేసుకుని కిందికి వచ్చింది. హెడ్‌ఫోన్ ఇంకా మెడలోనే ఉంది. "ఆఫీసుకి వెళ్తున్నా" అంది. ఆ మొహం చూసి నాకు భయమేసింది. కొట్టు మూసి వెంట బయల్దేరాను. బస్సులో నేను ఇవ్వబోయిన బత్తాయిని, ఆమె వాలకం చూసి, మళ్ళీ సంచీలో పెట్టేసుకున్నాను.

వాళ్ళు ఒకప్పుడు వరుసగా కూర్చుని పనిచేసిన అంతస్తులో ఇప్పుడు తెరమీద గోల్ఫ్ ఆడుకునే దుకాణం ఉంది. కోటు వేసుకున్న మగవాళ్ళు బంతులు కొడుతున్నారు. నామ్‌హీ ఒక్క క్షణం ఆగి చూసింది. "నా కుర్చీ అదిగో, ఆయన కాలు పెట్టినచోట ఉండేది" అంది. సంస్థ ఇంకో అంతస్తులో ఒక ఇరుకు గదికి మారింది. సుజిన్ ఒక్కతే బల్లముందు కూర్చుని, అన్నాన్ని నాచులో చుట్టి కోసిన కింబాప్ తింటోంది. ఆమె చెవులకూ హెడ్‌ఫోన్ ఉంది. మనుషులు చాలక ఆమె కూడా ఫోన్లు ఎత్తుతోందని అప్పుడు తెలిసింది.

"నామ్‌హీ గారూ, ఇదేంటి, డ్యూటీ టైములో" అంది లేస్తూ.

"నేను ఫోన్ పెట్టేయలేదు. ఆ రికార్డు పెట్టండి. వినండి."

"విన్నానండీ. మీ మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన హలో హలో అంటున్నాడు. అంతే ఉంది."

"అది లైను తెగడం. పెట్టేయడం కాదు."

"నాకు తెలుసు. కానీ లెక్కలో రెండూ ఒకటే. నేనేం చేయను? ఇంటి పరికరాలు ఉద్యోగివే అని రాసి ఉంది. మీరు సంతకం పెట్టారు."

"ఈ బల్ల ఎవరిది?" అంది నామ్‌హీ. "ఈ కుర్చీ? ఈ దీపం? మీ ఇంటి నుంచి తెచ్చుకున్నారా? మీకు కంపెనీ కొనిచ్చింది. నాకు మాత్రం నేను కొనుక్కోవాలి. మీ వయసు కూతురుంది నాకు, నర్సు. దాన్ని ఆస్పత్రికి ఇంజెక్షన్లు ఇంటినుంచి తెచ్చుకోమని ఎవరూ అనరు."

సుజిన్ మొహం ఎర్రబడింది. "నన్నంటే ఏం లాభమండీ? నా పైన ఉన్నవాళ్ళు నన్ను తినేస్తున్నారు. నేను అన్నం తింటూ ఫోన్లెత్తుతున్నాను, కనపడట్లేదా?"

"కనపడుతోంది. అందుకే మీరింకా ఎక్కువ సిగ్గుపడాలి."

నేను గోడవైపు చూశాను. నామ్‌హీ గొంతు తగ్గించింది. "సరే. ఆయనకి ఫోన్ చేయండి. నంబరు నాకివ్వద్దు. మీరే చేయండి. నేను పెట్టేయలేదని చెప్పండి. ఆవిడ చెయ్యి ఎలా ఉందో అడగండి."

సుజిన్ చేసింది. ఆయన ముందు కసిరాడు. తర్వాత విన్నాడు. అమ్మ బాగానే ఉందని చెప్పాడు. బొబ్బలు ఎండుతున్నాయట. ప్లగ్గు తీసి చెయ్యి నీళ్ళ కింద పెట్టించేదాకా వినపడిందట, ఉంగరం సంగతి వినపడలేదట. ఆస్పత్రిలో దాన్ని కత్తిరించి తీశారు. నామ్‌హీ కళ్ళు మూసుకుంది. "ఆ ఉంగరం ఆవిడ పెళ్ళిదో ఏమో" అంది మెల్లగా. అంతే. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి కోపం యథాస్థానానికి వచ్చేసింది.

"నేను వైఫై మార్చను" అంది. "నా ఇంట్లో ఏర్పాట్లు బాగాలేవని మీరే రాశారు. కాబట్టి ఇక్కడికే వస్తాను. నాకు కుర్చీ వేయండి."

"ఇక్కడ చోటెక్కడుందండీ?"

నామ్‌హీ ప్రింటరు పక్కన పేర్చిన అట్టపెట్టెల్ని చూపించింది. అడక్కుండానే వాటిని ఎత్తి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. నేనూ రెండు ఎత్తాను. ఏం చేయాలో తోచక సుజిన్ కూడా ఒకటి ఎత్తింది.

మర్నాటినుంచి నామ్‌హీ పొద్దున్నే బస్సెక్కి ఆ మూలకి వెళ్ళి కూర్చుంది. ఆ సంగతి తోటివాళ్ళకి తెలిసింది. నవ్వు బొమ్మ పెట్టినావిడే ముందు వచ్చింది. వాళ్ళింట్లో కూడా లైను తెగుతోందట, భయపడి చెప్పలేదట. నామ్‌హీ ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు, మూడోరోజు ఆమె ముందు కింబాప్ పెట్టింది. తర్వాత ఇంకొందరు వచ్చారు. కుర్చీలు చాలక ఒకావిడ తలుపు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని ఫోన్లెత్తింది. గోల్ఫ్ దుకాణం వాళ్ళ మరుగుదొడ్డి దగ్గర వీళ్ళు వరుస కట్టారని ఆ దుకాణం వాళ్ళు ఫిర్యాదు చేశారు. సుజిన్ పైవాళ్ళకి రోజూ ఫోన్ చేసి మొరపెట్టుకునేది. నామ్‌హీ ఇంటికొచ్చి ఇవన్నీ చెబుతుంటే ఆమె కళ్ళు మెరిసేవి. ఆమె తేషిక్‌తో మాత్రం మాట్లాడేది కాదు.

ఒక మధ్యాహ్నం తేషిక్ నా కొట్టుకి వచ్చాడు. వ్యానుకి వెళ్ళే టైమైనా కూర్చున్నాడు. చేతికి నల్లటి మసి ఉంది.

"డబ్బా విప్పాను వదినగారూ" అన్నాడు.

"ఏం మరిదీ, దానికి కూడా నెత్తి నొప్పా?"

నవ్వలేదు. "లోపల ఒక భాగం ఉబ్బిపోయింది. వేడెక్కినప్పుడల్లా ఆగిపోతోంది. అది పోయింది." కాసేపు చేతులు చూసుకున్నాడు. "ఇవాళ తెలిసింది కాదు. ఎండాకాలంలోనే పట్టుకుంటే కాలేది. నాకు తెలుసు."

నా చేతిలో గరిట ఆగిపోయింది. "తెలిసీ ఆవిణ్ణి అబద్ధాలకోరుని చేశావా?"

"దాన్ని మార్చేస్తే, ఆ రోజు అధికారి బల్లమీద పెట్టినప్పుడు నేను చెప్పింది..."

"ఆ రోజు అది బాగుంది. ఇవాళ లేదు. ముసలావిడ డబ్బా కూడా ముసల్దవదా? నాకెందుకు చెప్తున్నావు ఇదంతా? ఆవిడకి చెప్పు. తలకి ఏదన్నా కట్టుకుని చెప్పు."

చెప్పాడు. ఆ సాయంత్రం భవనమంతా విన్నది. నామ్‌హీ అరిచిన అరుపులన్నీ నేనిక్కడ రాయను. కొన్ని రాయదగ్గవి కావు. ఒకటి మాత్రం రాస్తాను. "ఆ అధికారి కొత్తది అమ్ముకోవడానికి జనానికి అబద్ధం చెప్పాడు. నువ్వు పాతది దాచుకోవడానికి పెళ్ళానికి అబద్ధం చెప్పావు. ఇద్దరిలో ఎవరు గొప్ప?" అంది. ఆ రాత్రినుంచి చాలా రోజులు ఆమె నా కొట్టులోనే భోంచేసింది. అతనికి విడిగా గిన్నె పంపేదాన్ని నేనే.

కొత్త సంవత్సరం రోజు ఆనవాయితీగా తినే బియ్యప్పిండి బిళ్ళల సూపు తిన్న కొన్నాళ్ళకి సంస్థ దిగొచ్చింది. ఆ గదిలో ఇంతమందిని కూర్చోబెట్టడం కంటే ఇళ్ళకి వైఫై డబ్బాలు పంపడమే తేలికని వాళ్ళకి అర్థమైంది. అడిగిన వాళ్ళకి మాత్రమే ఇస్తామన్నారు. అందరూ అడిగారు. బల్లకీ కరెంటుకీ మాత్రం ఏమీ ఇవ్వలేదు. నామ్‌హీకి ఇచ్చిన మందలింపుని కొట్టేయలేదు, కారణం దగ్గర "పరికర లోపం" అని మార్చారు. ఎవరి పరికరమో రాయలేదు. ఆమె దానిమీద కూడా ఒక ఫిర్యాదు పెట్టింది, ఇంకా జవాబు రాలేదు.

డబ్బాని తేషిక్కే బిగించాడు. చెప్పుల అరమీద వద్దని, ఆమె పనిచేసే బల్లకి దగ్గరగా గోడకి మేకు కొట్టి పెట్టాడు. నామ్‌హీ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. మేకు వంకరగా దిగితే, "ఇంకాస్త ఎడమకి" అని గోడతో అన్నట్టు అంది.

మర్నాడు మొదటి ఫోన్ ఎవరో పెద్దమనిషిది. కొత్త కుక్కరు కొన్న మొదటి రోజే అన్నం మెత్తబడిందట. కుక్కరునీ, కంపెనీనీ, దేశాన్నీ, ఈ కాలపు బియ్యాన్నీ ఆయన తిట్టాడు. చాలాసేపు తిట్టాడు. నామ్‌హీ తేనె గొంతుతో "అవునండీ, అవునండీ" అంటూ విన్నది. ఒక్క ముక్క కూడా తెగలేదు.

మధ్యాహ్నం పిల్లల్ని తేవడానికి బయల్దేరుతూ తేషిక్ గుమ్మంలో ఆగి అడిగాడు, భయం భయంగా. "ఎలా ఉంది?"

"అన్నీ వినపడుతున్నాయి" అంది నామ్‌హీ. ఇన్ని రోజుల తర్వాత అతని మొహం చూసి ఆమె అన్న మొదటి మాట అదే. "వెళ్ళు, పిల్లలు చలిలో ఉంటారు."